పెరటి కారవాన్‌లో కొత్త లైట్లు

కారవాన్ మా పెరట్లోకి వచ్చిన రోజు మా ఆయన వంశీ మహా హుషారుగా ఉన్నాడు. నన్ను ఫెన్స్ పక్కన నిలబెట్టి, కారు వెనక్కి తోలుతూ "చూసి చెప్పు, చూసి చెప్పు" అని కేకలు పెట్టాడు. నేను చూసి చెబుతూనే ఉన్నాను. అతను వినకుండా ఫెజోవా పళ్ళ చెట్టు కొమ్మలు విరగ్గొట్టుకుంటూ లోపలికి తోలేశాడు. ఆ వేసవిలో మా ఇంట్లో జరిగిందంతా దాదాపు అలాగే జరిగింది.

అది రెండు వేల పదహారు నవంబరు. ఇక్కడ ఆక్లాండ్‌లో అప్పుడే ఎండలు మొదలవుతాయి. వాయుకు అనే ఊళ్ళో ఎవరో ముసలి దంపతుల దగ్గర కొన్నానన్నాడు. తెల్లటి రేకు బండి, నడుం చుట్టూ నారింజరంగు చార. లోపల అడుగు పెడితే సరిగ్గా ఆరని బట్టల వాసన. ఒక చివర మంచం, మధ్యలో మడత బల్ల, రెండో చివర పొయ్యి, చిన్న సింకు. పైకప్పుకి అక్కడక్కడా గుండ్రటి హాలోజన్ లైట్లు. వంశీ స్విచ్చులన్నీ వేసి చూపించాడు.

"అమ్మ వస్తోందిగా. అమ్మని ఇందులో రొటోరువా తీసుకెళ్దాం. సెలవు దొరికితే సౌత్ ఐలండ్ కూడా," అన్నాడు.

నేను నమ్మాను. ఫ్రిజ్ మీద మ్యాపు కూడా అంటించాను.

మా ఇల్లు ఊరి శివారు పాపకూరలో. మూడు బెడ్‌రూములు. ఒకటి మాది. ఒకటి వంశీ ఆఫీసు రూము. పెద్ద పెద్ద మానిటర్లు, చక్రాల కుర్చీ, ఎవరూ ముట్టుకోకూడని వైర్లు. మూడోదాంట్లో వర్షిత ఉండేది. జగిత్యాల పిల్ల. సిటీలో డిప్లొమా చదువుతూ, వారాంతాల్లో మా వీధి చివరి డెయిరీలో, ఇక్కడ చిన్న కిరాణా కొట్టుని అలాగే అంటారు, కౌంటర్ దగ్గర పని చేసేది. వంశీ స్నేహితుడు ఎవరో చెబితే మా దగ్గర చేరింది. అద్దె ఇచ్చి ఉంటున్నా, నేను పనిచేసే బేకరీ నుంచి వచ్చేసరికి గిన్నెలు కడిగి ఉండేవి. వద్దన్నా వినేది కాదు.

అత్తయ్య కామేశ్వరమ్మగారు వచ్చే వారంలో ఒక మధ్యాహ్నం నేను పని నుంచి వచ్చేసరికి వర్షిత సూట్‌కేసు గడ్డి మీద ఉంది. ఆ పిల్ల దుప్పట్లు ఎత్తుకుని కారవాన్ మెట్టెక్కుతోంది.

"ఇదేంటి వర్షితా?"

"ఏం గాదక్కా. అమ్మమ్మ వస్తున్నరు గదా. అన్న జెప్పిండు, కొన్ని దినాలు గిండ్ల ఉండుమని. నాకు మంచిగనే ఉంటది."

నేను తిన్నగా ఆఫీసు రూములోకి వెళ్ళాను. వంశీ చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నాడు. అవి తీసేదాకా నిలబడ్డాను.

"ఆ పిల్లని పెరట్లోకి పంపే ముందు నన్ను అడగాలనిపించలేదా?"

"అమ్మని ఎక్కడ పడుకోబెట్టమంటావు మరి?"

"ఈ గదిలో. నీ మానిటర్లు కారవాన్‌లో పెట్టుకో."

నవ్వాడు. "అక్కడ నెట్ సరిగ్గా రాదు నిరూ. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో పొద్దస్తమానం మీటింగులుంటాయి నాకు. కారవాన్‌లో సెలవులకి వెళ్ళడానికి ఈ దేశం వాళ్ళు, కివీలు, ఎగబడతారు. దానికి ఫ్రీగా వస్తోంది."

ఫ్రీగా ఏమీ రాలేదు. అద్దె పైసా తగ్గించలేదని తర్వాత తెలిసింది. అడిగితే, "బాత్రూము మనదే వాడుకుంటోందిగా" అన్నాడు.

ఇంకోటి కూడా చేశాడు. పెరట్లో మనిషిని ఉంచామని పక్కింటాయన కౌన్సిల్‌కి, అంటే మునిసిపాలిటీ వాళ్ళకి, ఫోన్ చేస్తాడేమోనని భయం. అందుకని కారవాన్ కిటికీలన్నిటికీ లోపల్నుంచి నల్లటి ప్లాస్టిక్ కవరు అంటించేశాడు. ఫెన్స్ వైపువే కాదు, అన్నీ.

ఆక్లాండ్ ఎండాకాలంలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. వర్షిత పగలు కూడా లైటు వేసుకుని బతికింది.

*

డిసెంబరు నడుస్తుండగా ఒకరోజు ఆ పిల్ల చున్నీ మా బట్టల తీగ మీద ఆరేసి ఉంటే చూశాను. మధ్యలో అరచేయంత కాలిన మచ్చ.

"ఇస్త్రీ పెట్టె అంటుకుందా?"

"లేదక్కా. లైటు పక్కకు తగిలేసిన. మర్చిపోయిన." మచ్చ లోపలికి పోయేలా చున్నీ మడుస్తూ, "ఆ లైట్ల కింద కూసుంటె నెత్తి కాలుతది. మళ్ల పొద్దూకె వరకు బండి బ్యాటరీ అయిపోతది. ఫోన్ టార్చ్ వెట్టుకుంట," అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, బస్సు లేటయిందని చెప్పినట్టు చెప్పింది.

నేను వెళ్ళి లోపల చూశాను. బయట ఎండ కళ్ళు పొడుస్తోంది. లోపల మిట్టమధ్యాహ్నం చీకటి. బల్ల మీద పుస్తకం, దాని మీద ఫోను బోర్లించి ఉంది. పొయ్యి వెలిగించకుండానే పొయ్యి పక్కన నిలబడినట్టుంది వేడి. నా వీపు మీద చెమట జారింది.

ఆ రోజు వంశీ ఇంటికి రాగానే గొడవ పెట్టుకున్నాను. అత్తయ్య అప్పటికే వచ్చి ఉన్నారు. ఆవిడకి వినపడకుండా గ్యారేజీలో.

"కిటికీలు తెరువు. లేదా ఆ పిల్లని ఇంట్లోకి తీసుకురా."

"లైట్లే కదా ప్రాబ్లం? ఎల్ఈడీలు పెట్టేద్దాం. వేడి ఉండదు. బ్యాటరీ వారమంతా వస్తుంది." అప్పుడు నా భుజం తట్టాడు. "నువ్వు ట్రిపుల్ఈ కదా. ఇన్నాళ్ళకి నీ డిగ్రీ పనికొస్తుంది చూడు."

నేను కాకినాడలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను. ఇక్కడికి వచ్చాక ముందు వంశీ ఉద్యోగం నిలబడాలి అనుకున్నాం. అది నిలబడింది. నేను సూపర్‌మార్కెట్ బేకరీలో రొట్టెలు కాలుస్తున్నాను. ఆ పని తక్కువని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ ఆ భుజం తట్టడం ఉంది చూశారూ, అది నాకు నచ్చలేదు. అయినా ఊరుకున్నాను. చీకట్లో పుస్తకం మీద బోర్లించిన ఫోను కళ్ళలో మెదులుతోంది.

నాకు సెలవున్న రోజున వర్షితని వెంటబెట్టుకుని టాకనీనీలో కారవాన్ సామాన్ల షాపుకి వెళ్ళాను. చిన్న బిళ్ళల్లా ఉండే ఎల్ఈడీలు. పాత బల్బు లాగేసి అదే సాకెట్లో గుచ్చితే సరిపోతుంది. పసుపు వెలుగువీ ఉన్నాయి, తెల్లవీ ఉన్నాయి.

"ఏవి కావాలి?"

"తెల్లయి," అంది వెంటనే. "పగటి లెక్క ఉండాలె."

బ్యాటరీ తీగ ఊడదీసి, స్టూలెక్కి ఒక్కో లైటు గ్లాసు విప్పాను. మంచం మీది లైటు విప్పినప్పుడు చెయ్యి ఆగిపోయింది. బల్బు వెనక ప్లైవుడ్ గోధుమరంగు దాటి నల్లగా ఉంది. గోరుతో గీకితే బొగ్గు రాలింది. సంవత్సరాలుగా కొంచెం కొంచెం కాలుతూ వచ్చిన చెక్క. ఎన్నాళ్ళుగానో ఎవరికీ తెలియదు. దాని కింద తలగడ.

"ఏమైందక్కా?"

"ఏం లేదు. ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వు."

అన్నీ మార్చి తీగ కలిపి స్విచ్ వేశాను. ఒక్కటి వెలగలేదు. తీసి, తిప్పి గుచ్చాను. వెలిగింది. వర్షిత చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల ముఖాన్ని ఆ కారవాన్‌లో సరిగ్గా చూడటం నాకదే మొదటిసారి. కళ్ళ కింద గుంటలు పడ్డాయి.

అప్పుడే అత్తయ్య రెండు గ్లాసుల మజ్జిగ పట్టుకుని వచ్చారు. మోకాళ్ళ నొప్పులు కాబట్టి మెట్టెక్కలేదు. గుమ్మం బయటే నిలబడి గ్లాసులు లోపలికి అందించారు.

"వెలుగు బావుందర్రా," అన్నారు. తర్వాత వర్షితతో, "నా కోసం నువ్వేం ఇబ్బంది పడకమ్మా. మాంసం వండుకోవాలని నువ్వే అడిగి ఇందులోకి మారావటగా, వంశీ చెప్పాడు. ఎవరి తిండి వాళ్ళది. నేనేం అనుకోను," అన్నారు.

వర్షిత చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. నేను నోరు తెరిచాను. ఆ పిల్ల నా వైపు చూసి, కనపడీ కనపడకుండా తల అడ్డంగా ఊపింది. అత్తయ్య మెల్లగా ఇంట్లోకి వెళ్ళిపోయారు.

"ఎందుకు ఊరుకోమన్నావు?"

"చెప్తె ఏమైతదక్కా? అన్నకు కోపమొస్తది. పొమ్మంటడు. ఏడికి పోవాలె? సిటీల ఫ్లాట్ల హాల్ల పరుపేసుకునే జాగ గూడ దొర్కుతలేదు. ఫిబ్రవరి దాంక ఆగితె మా క్లాసోళ్ళు ఏదన్న చూస్తమన్నరు."

తన కోపం ఆ పిల్ల ఎక్కడ దాచుకుందో గానీ, అదంతా నాకే వచ్చినట్టయింది. 

సాయంత్రం వంశీని కారవాన్‌లోకి రమ్మన్నాను. వచ్చాడు. గుమ్మంలో నిలబడి లైట్లు చూసి "వావ్" అన్నాడు. మంచం మీది లైటు విప్పి కాలిన చెక్క చూడమన్నాను. తల కూడా ఎత్తలేదు.

"ఇప్పుడు ఎల్ఈడీలు పెట్టేశావుగా. ఇంక వేడెక్కడిది? అయిపోయిందిగా."

"సరే. ఇంకోటి విను. ఈ బండి చార్జర్ పాతది. బ్యాటరీ నిండినా ఆగదు, కరెంటు తోస్తూనే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ హాలోజన్లు రోజూ బ్యాటరీని ఖాళీ చేసేశాయి కాబట్టి సరిపోయింది. ఇప్పుడు లైట్లు ఏమీ తినవు. రోజూ చార్జ్ పెట్టకు. కొత్త చార్జర్ కొనేదాకా వారానికోసారి, అదీ నేను ఇంట్లో ఉన్నప్పుడు. బ్యాటరీ ఆ పిల్ల మంచం కిందే ఉంది."

"సరే, సరే." అప్పటికే ఫోను తీసి ఫొటోలు తీసుకుంటున్నాడు. "కొంచెం పక్కకి జరుగు, ఫ్రేములోకి వస్తున్నావు."

*

ఆ ఫొటోలు ఎందుకో జనవరి మొదట్లో తెలిసింది. బేకరీలో రొట్టెలు సర్దుతుంటే ఫ్లాట్ బుష్‌లో ఉండే భాగ్యమ్మ ఆంటీ వచ్చారు.

"నిరుపమా, మన తెలుగువాళ్ళ గ్రూపులో మీ కారవాన్ ఫొటోలు చూశానమ్మా. ఎంత బాగా చేయించారో! కొత్త లైట్లు, అన్నీ. మా చుట్టాలమ్మాయి ఒకర్తి ఫిబ్రవరిలో దిగుతోంది. రెండో మంచం ఇంకా ఖాళీయేనా?"

"రెండో మంచం లేదాంటీ."

"బల్ల మడిస్తే మంచమవుతుందని పెట్టాడే మీ ఆయన!" అని ఫోను తీసి చూపించారు.

తెల్లగా మెరిసిపోతోంది కారవాన్. ఇద్దరమ్మాయిలకి అని రాసి ఉంది. కొత్తగా బాగు చేయించామని, పూర్తిగా ఎల్ఈడీ అని రాసి ఉంది. ఒక ఫొటోలో అంచున నా చెయ్యి ఉంది, స్క్రూడ్రైవర్ పట్టుకుని.

నా షిఫ్టు ఎలా గడిచిందో తెలియదు. వంశీ కారు వచ్చి పార్కింగులో ఆగగానే ఎక్కి తలుపు వేశాను.

"బండి కదపకు. మీ అమ్మగారు లేని చోటే మాట్లాడాలి. ఆ డబ్బాలో ఇద్దర్ని పెడతావా?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితే ఏం? రొటోరువా ఏమైంది? సౌత్ ఐలండ్ ఏమైంది? కొన్నప్పుడే ఇది అనుకున్నావు కదా?"

అతను స్టీరింగు మీద వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చున్నాడు. "చీకటి అన్నావు, లైట్లు వచ్చాయి. వేడి అన్నావు, తగ్గింది. ఇంకా నీ బాధేంటి నాకర్థం కావట్లేదు."

"అది ఇల్లు కాదు వంశీ."

"నేను వచ్చిన కొత్తలో ఎక్కడున్నానో తెలుసా నీకు? ఓ ఇంటి లాండ్రీలో. వాషింగ్ మెషిన్ పక్కన పరుపేసుకుని. ఆ ఓనరు కూడా మనవాడే. చచ్చిపోయానా? అందరం అలాగే సెటిల్ అయ్యాం. వీళ్ళకి మాత్రం ఏసీ రూములు కావాలా?"

"ఆ ఓనర్ని నువ్వు ఏమని తిట్టేవాడివో నాకు చెప్పావు. పెళ్ళయిన కొత్తలో. గుర్తుందా?"

అతను అద్దంలోంచి వెనక్కి చూసుకున్నాడు. బండి స్టార్ట్ చేశాడు.  ఇల్లు చేరి దిగేటప్పుడు, "నువ్వే కదా బాగు చేసింది. బాగు చేసినదాన్ని వాడుకోవద్దంటే ఎలా?" అన్నాడు.

 అంత కోపం నాలో ఉందని నాకే తెలియదు. నేను లైట్లు మార్చింది ఒక పిల్ల చదువుకోవడానికి. అతనికవి ప్రకటనలో ఒక లైనయ్యాయి.

*

జనవరి చివర్లో బాగా ఉక్కబోసిన రోజు. పొద్దుటి షిఫ్టు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి అత్తయ్య వంటింటి కిటికీ మూస్తున్నారు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"నిరుపమా, ఆ పిల్ల గుడ్లు గానీ వండుతోందా? కుళ్ళిన గుడ్డు వాసన వస్తోందే పొద్దుటి నుంచీ."

నేను కిటికీ తెరిచి ఒక్కసారి పీల్చాను. కాకినాడలో కాలేజీ బ్యాటరీ ల్యాబులో ఒకసారి అదే వాసన వస్తే మా సారు అందర్నీ బయటికి తోలేశారు. బ్యాగు అక్కడే పడేసి పరిగెత్తాను. ముందు గ్యారేజీలోకి. తోట పైపు కింద దాచి కారవాన్‌కి లాగిన ఎక్స్‌టెన్షన్ వైరు, ప్లగ్గు వేసే ఉంది. లాగేశాను. అక్కణ్ణించి కారవాన్‌కి.

"వర్షితా!"

పలకలేదు. తలుపు లాగితే వాసన ముఖాన కొట్టింది. లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఆ తెల్లటి వెలుగులో ఆ పిల్ల మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది.

"తలనొస్తందక్కా. పొద్దటి సంది. లేస్తె కండ్లు తిరుగుతున్నయి."

చంకల కింద చేతులేసి లేవదీశాను. మెట్టు దిగేటప్పుడు ఇద్దరం పడబోయాం. చెట్టు నీడలో గడ్డి మీద కూర్చోబెట్టాను. అత్తయ్య ఎప్పుడొచ్చారో, ఆ పిల్ల తల తన ఒళ్ళో పెట్టుకుని కొంగుతో విసురుతున్నారు.

నేను ఊపిరి బిగబట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళి కిటికీల మీది నల్ల కవర్లు పట్టుకుని లాగేశాను. ఒక్కో కిటికీ తోస్తుంటే ఎండ లోపలికి పడింది. గాలి ఆడాక మంచం పరుపు ఎత్తి చెక్క తీసి చూశాను. బ్యాటరీ పక్కలు ఉబ్బిపోయి ఉన్నాయి. చెయ్యి దగ్గరికి పెడితేనే సెగ. ముట్టుకోలేదు.

రోజూ చార్జ్ పెట్టొద్దన్నాను. రోజూ పెట్టాడు. ఆఫీసుకి వెళ్ళేముందు ప్లగ్గు వేసి, వచ్చాక తీసేవాడట. లైట్లు ఎంతసేపయినా వెలుగుతాయని ప్రకటనలో రాశాడుగా.

ఫోన్‌లో వైద్య సలహా చెప్పే హెల్త్‌లైన్‌కి చేస్తే వెంటనే క్లినిక్‌కి తీసుకెళ్ళమన్నారు. టాక్సీకి ఫోన్ చేసి వెనక్కి తిరిగేసరికి అత్తయ్య కారవాన్ మెట్టు మీద ఉన్నారు. తలుపు చట్రం రెండు చేతులా పట్టుకుని, ఒక మోకాలు, తర్వాత ఇంకో మోకాలు, మెల్లగా లోపలికి ఎక్కారు. వచ్చి అన్ని వారాలయినా ఆవిడ అందులో అడుగుపెట్టడం అదే. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆవిడ బల్ల మీద పుస్తకాలు చూశారు. గోడకి వేలాడుతున్న నల్ల కవరు ముక్క పట్టుకుని చూశారు.

"ఇవెవరు అంటించారు?"

"మీ అబ్బాయండీ."

"ఎందుకు? మాంసం వాసన బయటికి రాకుండానా?"

నేను జవాబు చెప్పేలోపు గడ్డి మీంచి వర్షిత గొంతు నీరసంగా వచ్చింది.

"నేను మాంసం తిననే తినను అమ్మమ్మా. చిన్నప్పటి సంది తినను."

అత్తయ్య ఆ కవరు ముక్కని మడిచి, ఇంకా మడిచి, పిడికిట్లో పెట్టుకున్నారు. "నేను పడుకుంటున్న గది ఈ పిల్లదా?" అని మాత్రం అడిగారు.

"అవునండీ."

ఆవిడ తలుపు చట్రం పట్టుకున్నారు. వచ్చిన దారినే దిగారు.

క్లినిక్‌లో వర్షితని పరీక్షించి, కొంతసేపు ఉంచుకుని, భయం లేదని పంపించారు. మేం తిరిగి వచ్చేసరికి అత్తయ్య గది తలుపు తెరిచి ఉంది. వర్షిత సూట్‌కేసు, పుస్తకాలు, ఆ చున్నీతో సహా బట్టలూ అక్కడున్నాయి. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఎన్నిసార్లు ఎక్కి దిగారో నాకు తెలియదు. అడిగినా చెప్పలేదు.

వంశీ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంకా ఎండగానే ఉంది. కారవాన్ తలుపు, కిటికీలు బార్లా తెరిచి ఉండటం చూసుకుంటూ లోపలికి వచ్చాడు.

"కిటికీలు ఎవరు తీశారు? పక్కింటాయన చూస్తే—"

"ఇలా కూర్చో," అన్నారు అత్తయ్య.

కూర్చున్నాడు.

"ఆ అమ్మాయి తన గదిలో పడుకుంది. నాకు నీ కంప్యూటర్ల గదిలో మంచం వెయ్యి. ఆ సామాను పట్టుకెళ్ళి బండిలో పెట్టుకో."

"అమ్మా, అక్కడ ఎలా కుదురుతుంది? వేడికి—"

"లైట్లు మార్పించావుగా."

వంశీ నవ్వబోయాడు. ఎవరమూ నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "అమ్మకి ఏం చెప్పావు?"

"నేనేమీ చెప్పలేదు. వెళ్ళి మంచం కింద బ్యాటరీ చూసి రా."

వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. వచ్చాక భోజనం చెయ్యకుండా మానిటర్ల వైర్లు విప్పడం మొదలుపెట్టాడు.

*

ఆ తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. కావలసినంత వరకే. వంశీ గ్రూపులో ప్రకటన తీసేశాడు. నాకు సారీ చెప్పలేదు. వర్షితకీ చెప్పలేదు. ఆ పిల్ల ఎదురుపడితే ఫోను చూసుకునేవాడు. మీటింగులున్న రోజుల్లో గ్యారేజీలో కూర్చుని చేసుకునేవాడు, కారవాన్‌లోకి మాత్రం వెళ్ళలేదు. నేను ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు దగ్గర ట్రైనీ పనికి మాట్లాడుకున్నాను. మార్చిలో బేకరీ మానేస్తున్నానని వంశీతో చెప్పాను. అడగలేదు, చెప్పాను. ఇప్పటికీ మేం కలిసే ఉంటున్నాం. ఇప్పుడు మా ఇంట్లో ఏదీ నన్ను అడక్కుండా జరగదు. అయినా ఆ వేసవి గుర్తొస్తే నా చేతులు ఇప్పటికీ వేడెక్కుతాయి.

ఫిబ్రవరి మధ్యలో వర్షితకి సిటీలో క్లాసు పిల్లలతో కలిసి ఫ్లాట్ దొరికింది. వెళ్ళే రోజు పొద్దున్న అందరం హాల్లో ఉన్నాం. నేను దింపి వస్తానని కారు తాళాలు తీసుకున్నాను. అత్తయ్య టిఫిను డబ్బా కడుతున్నారు. అప్పుడు వంశీ ఫోను మోగింది. వర్షిత వాళ్ళ నాన్న వీరేశంగారు, జగిత్యాల నుంచి. పిల్ల ఇల్లు మారుతోందని తెలిసి, మర్యాదకి చేశారు. వంశీ స్పీకర్ ఆన్ చేశాడు. మాకందరికీ వినపడాలని.

"సారూ, మా బిడ్డను మీ బిడ్డ లెక్క సూసుకున్నరు. గా దేశంల మీరు లేకుంటె ఏమైపోవునో. మీ రుణం తీర్సుకోలేను."

"అయ్యో, అదెంత పనండీ," అన్నాడు వంశీ. ముఖంలో చాలా రోజుల తర్వాత నవ్వు. "మా చెల్లెలే అనుకున్నాం."

నిజం చెప్పేద్దామని ఒక అడుగు ముందుకేశాను. కానీ ముందు మాట్లాడింది నేను కాదు.

"నాయినా," అంది వర్షిత. సూట్‌కేసు పక్కన నిలబడి, ఫోను దగ్గరికి కూడా రాకుండా. "నీకు జెప్పలె. నేను రెండు నెల్లు గీల్ల ఇంట్ల లేను. పెరట్ల బండిల ఉన్న."

వంశీ నవ్వు అలాగే ఉండిపోయింది.

ఆ పిల్ల చెప్పుకుపోయింది. గొంతు పెంచలేదు. కిటికీలకి కవర్లు అంటించిన సంగతి, పగలు లైటు వేసుకున్న సంగతి, చున్నీ కాలిన సంగతి, మంచం కింద బ్యాటరీ, గడ్డి మీద కూర్చోబెట్టింది, క్లినిక్. అక్క లైట్లు మార్చిందని, అమ్మమ్మ తనని మళ్ళీ తన గదిలోకి తెచ్చిందని. ఒక్క తిట్టు లేదు. ఒక్క మాట ఎక్కువ లేదు. ఫోను వంశీ చేతిలోనే ఉంది. కట్ చెయ్యలేకపోయాడు, కింద పెట్టలేకపోయాడు. చెయ్యి చాచి, అరచేతిలో దాన్ని పట్టుకుని, చివరిదాకా నిలబడ్డాడు.

 అటు ఎక్కడో ఆటో హారన్ మోగింది. తర్వాత ఆయన మెల్లగా అన్నారు.

"ఆడ పెద్దామె ఉన్నది గద బిడ్డా. ఆమెకియ్యి ఫోను."

అత్తయ్య టిఫిను డబ్బా కింద పెట్టి చెయ్యి చాచారు. వంశీ ఫోను ఇచ్చాడు. ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నారు. స్పీకర్ ఆన్‌లోనే ఉంది.

"అమ్మా, నమస్తె. నా బిడ్డ చెప్పింది నిజమేనా?"

"నిజమేనండీ," అన్నారు అత్తయ్య. ఒకసారి గొంతు సవరించుకున్నారు. "వాడు నా కొడుకు. నేనే పెంచాను."

ఫోను వంశీకి తిరిగి ఇవ్వకుండా చెవి దగ్గరే పట్టుకున్నారు.

వంశీ నా వైపు చూశాడు. నేను ఏదో ఒకటి అంటానని, సర్దిచెబుతానని. నేను వర్షిత సూట్‌కేసు అందుకుని, కారు దగ్గరికి నడిచాను.